పనసమోడుకు పూచీ

మొక్కలకు నీళ్ళు పోద్దామని దమయంతి వెనక గుమ్మం దాటుతుంది, దాటితే పెరడు ఉండవలసిన చోట పలాస స్టేషను ప్లాట్‌ఫారం ఉంది, ఉంటే ఉందిలే అనుకుని నాలుగడుగులు వేసేసరికి సిమెంటు పగుళ్ళలోంచి బంతిమొక్కలు మోకాలెత్తున లేచి చీరకుచ్చెళ్ళకు తగులుతున్నాయి, వాటి మధ్య తన పనసమోడు ఉండనే ఉంది, ఆ మోడు మీద ఢిల్లమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని, ఒళ్ళో పెద్ద పనసకాయ పెట్టుకుని, కత్తితో నిలువునా చీరుతోంది. ఢిల్లమ్మ పోయి ఏడాది దాటింది. ఆ సంగతి దమయంతికి కలలో కూడా తెలుసు. తెలిసినా అదేమీ వింతగా అనిపించడం లేదు, ఆవిడ చేతులకు చుక్క నూనైనా రాసుకోకుండా పనసకాయ ముట్టుకోవడం మాత్రం వింతగా ఉంది. పనస జిగురు అంటుకుందంటే సబ్బుకీ లొంగదు, సున్నిపిండికీ లొంగదు, నూనె ఒక్కటే దానికి మందు. కాపురానికి వచ్చిన కొత్తలో ఆ ముక్క దమయంతికి నేర్పింది ఢిల్లమ్మే.

ఢిల్లమ్మ ఆమెకు తోడికోడలు, ఆ ఇంటికి పెద్దకోడలు. అన్నదమ్ములిద్దరూ ఇళ్ళు విడివిడిగా కట్టుకున్నా వెనక పెరడు మాత్రం విడగొట్టుకోలేదు, ఆ పెరటి నడిమధ్యన మామగారు నాటిన పనసచెట్టు ఉండేది. పేరుకి ఢిల్లమ్మే గానీ ఆవిడ చూసిన మహానగరం పలాస, అదీ కిడ్నీలు చెడిపోయి, రక్తం శుభ్రం చేయించుకోవడానికి వారం వారం రైలెక్కవలసి వచ్చాకే. ఉద్దానంలో ఆ జబ్బు తొక్కని గుమ్మం తక్కువ, ఢిల్లమ్మ గుమ్మాన్ని మాత్రం ఎందుకు వదులుతుంది. అందుకే ప్లాట్‌ఫారం మీద ఆవిడ కనిపించడం దమయంతికి సబబుగానే తోస్తోంది, ఏ రైలుకో వచ్చి ఉంటుంది, మళ్ళీ ఏ రైలుకో పోతుంది.

"ఏటే దమయంతీ, సుట్టంలాగ నిలబడిపోనావు? ఇలా రా," అంటుంది ఢిల్లమ్మ, తలెత్తకుండానే.

దమయంతి ఒక అడుగు వెనక్కి వేస్తుంది. పోయిన మనిషి కనిపించినందుకు కాదు, మాట్లాడినందుకు. ఆవిడ బతికుండగా చివరి కొన్నేళ్ళూ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఒకే నూతిలో నీళ్ళు తోడుకుని, ఒకే దండెం మీద బట్టలారేసుకుని, ఎదురుపడితే ఒకరు ఆకాశం కేసీ ఇంకొకరు నేల కేసీ చూస్తూ తప్పుకున్న మనుషులు. అలాంటిది ఢిల్లమ్మ ఇప్పుడు పేరు పెట్టి పిలిచింది. ఆ పిలుపు కోసం తను ఎన్నాళ్ళ నుంచి చెవులు రిక్కించుకుని తిరుగుతోందో దమయంతికి అప్పుడు తెలుస్తుంది, సంతోషంతో పాటు ఎక్కడలేని కంగారూ పుట్టుకొస్తుంది, ఈ పిలుపు ఎంతసేపుంటుందో, బండి ఎప్పుడొస్తుందో అని.

"అప్పా," అంటుంది. ఆ వైపు అక్కను అప్ప అనే పిలుస్తారు. "ఎప్పుడొచ్చినావు?"

"వొచ్చింది కాదు, పోతన్నాను. బండికి ఇంకా టైముంది. నా గిన్నె తెచ్చినావేటి?"

అదిగో, గిన్నె దగ్గరికే వచ్చింది. ఎంత దూరం వెళ్ళినా ఢిల్లమ్మ ఆ గిన్నెను మాత్రం మరిచిపోలేదు.

అదేమీ వెండి గిన్నె కాదు. మామూలు స్టీలుది, అంచు కింద చుక్కలు చుక్కలుగా ఢిల్లమ్మ పేరు కొట్టించి ఉంటుంది. ఒక చలికాలం పొద్దున అందులో చిక్కుడుకాయ కూర వచ్చింది. కూర తిన్నారు, గిన్నె కడిగారు. తిరిగి ఇచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి, పిడికెడు బియ్యమో, బెల్లంముక్కో, ఏదీ లేకపోతే రెండు పచ్చిమిరపకాయలో. ఇచ్చిన గిన్నెను ఖాళీగా తిప్పి పంపకూడదన్నది ఆ వీధిలో ఉగ్గుపాలతో పోసే పాఠం. దమయంతి బెల్లం డబ్బా మూత తీస్తే లోపల చీమలు పట్టి ఉన్నాయి. సొంత అక్కలాంటి మనిషి, మనలో మనకేమిటి అనుకుని ఖాళీ గిన్నెనే తీసుకెళ్ళి వాళ్ళ అరుగు మీద పెట్టి వచ్చింది. దగ్గరితనం కొద్దీ చేసిన పని అది. ఢిల్లమ్మకు మాత్రం చెంప మీద కొట్టినట్టయింది. ఇక నీ కూరలు మాకొద్దు అని చెప్పడానికి అంతకన్నా తిన్నని దారి లేదని ఆవిడ లెక్క. గిన్నెను పట్టుకెళ్ళి పనసచెట్టు మొదట్లో పెట్టేసి, లోపలికి పోయి తలుపేసుకుంది. దాన్ని తీయడం తన పని కాదని ఇద్దరూ భీష్మించుకున్నారు, గిన్నె అక్కడే ఉండిపోయింది.

"బెల్లానికి సీమలట్టినాయి అప్పా," అంటుంది దమయంతి, ఇన్నేళ్ళుగా గొంతులో అడ్డం పడి ఉన్న మాటను ఒక్క గుక్కలో కక్కేస్తూ. "నువ్వేమైనా పరాయిదానివా, ఎందుకులే అనుకున్నాను. అంతే. నిన్ను తీసిపారెయ్యాలని కాదు."

"సీమలతోనే ఎయ్యలేకపోనావా?" అంటుంది ఢిల్లమ్మ. "దులుపుకుని తినీదాన్ని కదా."

ఇంత చిన్న ఉపాయం అప్పుడు ఎందుకు తట్టలేదో దమయంతికి అర్థం కాదు. చూసుకుంటే గిన్నె తన చేతిలోనే ఉంది. ఇప్పుడైనా నింపి ఇచ్చేద్దామని గబగబా వంగి బంతిపూలు తుంచి వేస్తుంది, వేసిన పువ్వు వేసినట్టే గిన్నె అడుక్కి పోయి కనబడకుండా పోతోంది, కనకాంబరాలు దూసి పోస్తుంది, కోడిజుట్టు పూలు విరిచి కుక్కుతుంది, ఎంత వేసినా గిన్నె బోసిగానే ఉంది, పైగా అంచు కింద కొట్టించిన పేరులోని చుక్కలన్నీ చీమలైపోయి బారు కట్టి ఆమె మణికట్టు మీదికి పాకుతున్నాయి, పక్కన చంద్రకాంత మొక్కలు చూస్తుండగానే విచ్చుకుంటున్నాయి, ముడుచుకుంటున్నాయి, మళ్ళీ విచ్చుకుంటున్నాయి, అంటే సాయంత్రాలు ఒకదాని వెనక ఒకటి అయిపోతున్నాయన్నమాట, ఇంకా ఎన్ని మిగిలాయో తెలియడం లేదు.

"అవి పీకీకు," అంటుంది ఢిల్లమ్మ. "నువ్వేసిన పూలే కదా. ఎందుకేసినావు ఇన్ని పూలు? నాను నరికించిన సెట్టు నాకు కనపడకుండానా?"

చెట్టు మాట రానే వచ్చింది. రాకుండా ఎలా ఉంటుంది, దాని మీదే కూర్చుని ఉంది కదా.

వాళ్ళ వీధిలో కాయని చెట్టును ఊరికే వదలరు, అలాగని ఊరికే కొట్టెయ్యరు. మాఘమాసంలో ఒక ఆదివారం పొద్దున్నే ఇద్దరు ఆ చెట్టు దగ్గరికి వెళ్ళాలి. ఒకరు గొడ్డలి ఎత్తి, కాస్తావా, నరికెయ్యమంటావా అని చెట్టును గద్దించాలి. రెండో మనిషి అడ్డుపడి, వద్దు, ఈ ఏడు కాస్తుంది, పూచీ నాది అనాలి. గొడ్డలి దిగిపోతుంది. బెదిరింపు విని, పూచీ పడ్డ మనిషి పరువు నిలబెట్టాలని చెట్టు ఆ ఏడు కాస్తుంది, కాయకపోతే వచ్చే మాఘంలో మళ్ళీ ఇదే తంతు. ఆ రెండిళ్ళలో గొడ్డలి ఎప్పుడూ ఢిల్లమ్మదే. చెట్టేమిటి, ఎవరైనా జడిసే గొంతు ఆవిడది. పూచీ పడేది దమయంతి. మామగారి పనస రెండు మూడుసార్లు అలా బెదిరి కాసింది కూడా.

గిన్నె తగువు నడుస్తున్న ఆ మాఘంలోనూ ఢిల్లమ్మ గొడ్డలితో వచ్చింది. పద్ధతి పద్ధతే కాబట్టి దమయంతీ వచ్చి నిలబడింది. ఢిల్లమ్మ గొడ్డలి ఎత్తి తన మాట తను అంది. అని ఆగింది. దమయంతి నోరు తెరవలేదు. ముందు నువ్వు నన్ను పలకరించు, అప్పుడు నేను చెట్టుకు పూచీ పడతాను అన్నది ఆమె పంతం. ఢిల్లమ్మ రెండోసారి గద్దించింది. మూడోసారి గద్దించింది, ఆ మూడోసారి గొంతు కాస్త వణికింది, అది చెట్టును గద్దించినట్టు లేదు, దమయంతిని బతిమాలినట్టుంది. దమయంతి కొంగు సవరించుకుంటూ నిలబడింది. పూచీ పడేవాళ్ళు లేకుండా ఎత్తిన గొడ్డలిని ఊరికే దించితే ఇంటికి కీడని ఢిల్లమ్మ నమ్మకం. ఇద్దరిలో ఏ ఒక్కరు కాస్త మెత్తబడినా సరిపోయేది. గొడ్డలి చెట్టు మీద పడింది. ఒక్క దెబ్బే. ఢిల్లమ్మ గొడ్డలి అక్కడే పారేసి లోపలికి పోయింది. దెబ్బ తగిలాక ఇక ఉంచకూడదని మగవాళ్ళు మనుషుల్ని పిలిచి ఆ వారమే చెట్టు కొట్టించేశారు. కలపతో రెండిళ్ళకీ వెనక తలుపులు చేయించుకున్నారు, మోడు మిగిలింది.

"నీకు కనపడకుండా కాదు అప్పా. నీకు కనపడాలనే ఏసినాను," అంటుంది దమయంతి. "నువ్వు మంచం మీద పడ్డాక, నీ కిటికీలోంచి సూత్తే ఈ మోడే కదా కనపడతాది. బోసిగా ఉందని బంతి ఏసినాను. తరవాత కనకాంబరం. తరవాత ఇయ్యన్నీ."

"నాకేనా?" ఢిల్లమ్మ కత్తి ఆగిపోతుంది. "నాను అలాగ అనుకోలేదే. సెట్టు సంపేసింది నాను, పూలేసిన పుణ్యం నీది, అందరూ సూసి మెచ్చుకోవాలని ఏసినావనుకున్నాను. ఒల్లు మండిపోయీది."

"అందుకేనా సెప్పు ఇసిరేసినావు?"

చెప్పు సంగతి కల కాదు, నిజంగా జరిగిందే. ఒక ఉదయం దమయంతి నీళ్ళు పోయడానికి వెళ్తే బంతిమొక్కల మధ్యలో ఢిల్లమ్మ హవాయి చెప్పు ఒకటి పడి ఉంది, రెండు కొమ్మలు విరిగి ఉన్నాయి. మంచం దిగలేని మనిషి కిటికీలోంచి గురి చూసి మరీ కొట్టిందంటే తన పూల మీద ఎంత కోపం ఉండాలి అని దమయంతి ఆ రోజంతా ముద్ద దిగక ఏడ్చింది. చెప్పు తీసుకెళ్ళి అరుగు మీద పెట్టింది. ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ ఏమీ చెప్పలేదు.

"పిచ్చిదానా," అంటుంది ఢిల్లమ్మ. "మేకొచ్చిందే. నీ బంతి మొత్తం మేసీబోతంది. అరుద్దామంటే గొంతు నేదు. లేద్దామంటే కాలు నేదు. సేతికందింది సెప్పు, ఇసిరీసినాను. మేక్కి తగల్లేదు, నీ మొక్కకి తగిలింది."

"మేకా?"

"మేకే. సొట్ట కొమ్ముది."

దమయంతికి నవ్వొస్తుంది, ఆ వెంటనే నవ్వు మీదికి అనుమానం ఎక్కుతుంది. ఇది ఢిల్లమ్మ చెప్తున్నదేనా, లేక ఢిల్లమ్మ చేత తను చెప్పించుకుంటున్నదా? బతికుండగా ఇంత మెత్తగా మాట్లాడిన మనిషి కాదే. ఆ మేకను తను ఎప్పుడైనా చూసిందా అని గట్టిగా గుర్తు చేసుకోబోతే ప్లాట్‌ఫారం చివర నిజంగానే ఒక మేక నిలబడి ఉంది, దాని కొమ్ము ఒకటి సొట్టగానే ఉంది, నోట్లో బంతిపువ్వు ఉంది, నమిలీ నమలనట్టు నములుతోంది. దాన్ని సాక్ష్యానికి పిలవాలంటే ఎలా పిలవాలో తెలియడం లేదు. దమయంతి మోడు చుట్టూ తిరుగుతుంది, కూర్చోబుద్ధి కాదు, నిలబడబుద్ధి కాదు, అడగవలసినవి ఇంకా చాలా ఉన్నాయనిపిస్తుంది, ఒక్కటీ గుర్తుకు రాదు.

అంతలో బండి వచ్చినట్టు నేల అదురుతుంది. రైలుపెట్టెలోంచి దిగింది కూర్మారావు. ఢిల్లమ్మ కొడుకు, పలాస జీడిపప్పు కార్ఖానాలో మేస్త్రీ, నెమ్మదస్తుడు. చేతిలో పసుపుపచ్చ కొలతటేపు ఉంది. ఒక కొసను దమయంతికి ఇచ్చి పట్టుకోమంటాడు, రెండో కొస లాక్కుంటూ పూలమొక్కల మీదుగా నడుచుకుపోతాడు, టేపు తిన్నగా వాళ్ళమ్మ పొట్టలోంచి దూరి అవతలికి వెళ్తుంది, ఢిల్లమ్మ అది పట్టించుకోకుండా పనసతొనలు ఒలుచుకుంటూనే ఉంది.

"మోడు సరిగ్గా లైన్లో పడింది పిన్నీ," అంటాడు. "తీయించీక తప్పదు."

ఈ మాట అతను ఆ రోజు పొద్దున నిజంగానే అన్నాడు. అన్నదమ్ములిద్దరూ లేరు, పెరటిలోకి ఊళ్ళో పశువులన్నీ వస్తున్నాయి, చుట్టూ ప్రహరీ, మధ్యగా గోడ కట్టిస్తే రెండిళ్ళకీ మంచిది, సాయంత్రం ఎండ తగ్గాక ఇద్దరు మనుషుల్ని తీసుకొచ్చి మోడు పెకలించేస్తాను, పూలదేముంది పిన్నీ, ఇంకో చోట వేసుకుంటే పూస్తాయి, నువ్వేమంటావు అని మర్యాదగానే అడిగాడు. దమయంతి ఏమీ అనలేదు. ఢిల్లమ్మ గిన్నె చేతిలో పట్టుకుని మొక్కలకు నీళ్ళు పోస్తూ ఉండిపోయింది. చెట్టు పోయిన దగ్గర్నుంచీ ఆ గిన్నె ఆ పనికే, నూతి తొట్టిలో ముంచడం, మొక్కకు పోయడం, అయ్యాక మోడు పక్కన పెట్టేయడం. పిన్ని మౌనాన్ని ఒప్పుకోలు కింద తీసుకుని కూర్మారావు వెళ్ళిపోయాడు. అతను వెళ్ళాక గాని దమయంతికి తెలియలేదు, తను మళ్ళీ అదే పని చేసిందని. గిన్నె మోడు పక్కన వదిలేసి వచ్చి, అన్నం కూడా తినకుండా అరుగు మీద చాప వేసుకుని పడుకుంది. ఆ మోడు, దాని చుట్టూ ఉన్న పూలు, ఇవి తప్ప ఢిల్లమ్మతో ఆమెకు ఇంకే సంబంధమూ మిగల్లేదు. చనిపోయిన రోజు ఆవిడ నోట్లో తులసినీళ్ళు పోయడానికి కూడా జనంలో వెనకబడిపోయింది.

"నీ కొడుక్కి వొద్దని సెప్పు అప్పా," అంటుంది దమయంతి. "నువ్వు సెప్తే ఇంటాడు."

"నాను గొడ్డలి పట్టీ మనిషిని. వొద్దనీ మనిషిని నువ్వు," అంటుంది ఢిల్లమ్మ.

అని లేచి నిలబడుతుంది. లేవగానే ప్లాట్‌ఫారం లేదు, రైలు లేదు, పెరడే ఉంది, మాఘమాసపు మంచు ఉంది, మోడు ఉండవలసిన చోట మామగారి పనసచెట్టు ఆకులన్నిటితో నిటారుగా నిలబడి ఉంది, దాని మొదలు చుట్టూ మాత్రం ఇప్పటి బంతిపూలే, ఇప్పటి చంద్రకాంతలే. ఢిల్లమ్మ చేతిలో కత్తి గొడ్డలైపోయింది. ఆవిడ వయసులో ఉన్నప్పటిలా నడుం బిగించి, రెండు చేతులా గొడ్డలి ఎత్తుతుంది.

"ఏమే సెట్టా, కాత్తావా, నరికీమంటావా?"

ఇప్పుడు తన వంతు. దమయంతికి మాట తెలుసు, ఎన్ని రాత్రులు లోలోపల అనుకుని ఉంటుందో, నిద్రలో లేపి అడిగినా చెప్పగలదు. నోరు తెరవబోతుంది. నోరు తెరుచుకోదు. పెదవులు రెండూ పనస జిగురుతో అతుక్కుపోయి ఉన్నాయి. ఎప్పుడు అంటుకుందో, ఎలా అంటుకుందో, వేలితో లాగితే తీగలు తీగలుగా సాగుతోంది గానీ వదలడం లేదు, లాగిన వేలూ అతుక్కుపోతోంది.

"కాత్తావా, నరికీమంటావా?"

గొడ్డలి పైనే ఉంది. ఢిల్లమ్మ చేతులు వణకడం మొదలైంది, అవి వయసు చేతులు కావు, సూదులు గుచ్చీ గుచ్చీ నల్లగా కమిలిపోయిన చివరి రోజుల చేతులు. అంత బరువు అవి ఎంతసేపు మోస్తాయి. దమయంతి గొంతులోంచి ఏదో మూలుగు వస్తుంది, మాట రాదు, చెట్టు ఆకులన్నీ ఆమె కేసే తిరిగి చూస్తున్నట్టున్నాయి, మేక కూడా నమలడం ఆపేసి చూస్తోంది, ఇంకొక్కసారి అడిగితే మూడోది, మూడోది అయిపోయిందంటే ఇక లేదు.

ఢిల్లమ్మ మూడోసారి అడగదు. గొడ్డలి ఒక చేతికి మార్చుకుని, రెండో చెయ్యి తన తలలోకి పోనిచ్చి, కొబ్బరినూనె కారుతున్న జుట్టును ఒకసారి అదిమి, ఆ చెయ్యి తీసుకొచ్చి దమయంతి పెదవుల మీద రుద్దుతుంది. బొటనవేలితో, గట్టిగా, చిన్నపిల్లకు మూతి తుడిచినట్టు రుద్దుతుంది.

"జిగురుకి నూనే మందని ఎన్నిసార్లు సెప్పినాను నీకు," అంటుంది. "ఇంత బతుకు బతికి ఇదీ నేర్సుకోలేదు. ఊఁ, ఇప్పుడు సెప్పు."

జిగురు వదులుతోంది. దమయంతి పెదవుల మధ్య సందు పడుతుంది, గాలి తగులుతుంది, కొబ్బరినూనె వాసన తగులుతుంది. ఢిల్లమ్మ అప్పటికే వెనక్కి నడుస్తోంది, పూలు తొక్కకుండా చీర కాస్త ఎత్తిపట్టుకుని, బండి టైమయిందన్నట్టు.

"ఉండప్పా, గిన్నె," అంటుంది దమయంతి.

"ఖాళీది నాకొద్దు," అంటుంది ఢిల్లమ్మ, తిరిగి చూడకుండా, కోపం లేకుండా. ఆవిడ ఎక్కిన బండి కదిలిన చప్పుడు ధన్‌మని మొదలవుతుంది, మళ్ళీ ధన్‌మంటుంది, అది బండి చప్పుడు కాదని, ఇనుము నేలను పొడిచిన చప్పుడని దమయంతికి తెలుస్తూ ఉంటుంది.

కళ్ళు తెరిచేసరికి అరుగు తడిసి ఉంది. ఆమె పడుకున్నాక ఒక పెద్ద వాన కురిసి వెలిసినట్టుంది, చాప అంచు నానిపోయింది, చూరు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. ధన్‌మని మళ్ళీ వినిపించింది. దమయంతి లేచి, పైట సర్దుకోవడం కూడా మరిచిపోయి, ఇంట్లోంచి వెనక తలుపు తోసుకుని పెరట్లోకి పరుగెత్తింది.

ఇద్దరు కూలీలు నాలుగు బంతిమొక్కలు పక్కకు లాగేసి, మోడు పక్కన మట్టి వదులు చేస్తున్నారు. కూర్మారావు తనే ఒక గునపం తీసుకుని, పంచె ఎగగట్టుకుని, మోడు వేరు మీద దెబ్బ వేయడానికి ఎత్తాడు.

"వొద్దు," అంది దమయంతి.

నిద్ర గొంతుతో, బొంగురుగా వచ్చింది మాట. కూర్మారావు ఎత్తిన గునపం ఎత్తినట్టే ఉంచి తిరిగి చూశాడు.

"ఏటి పిన్నీ?"

"వొద్దురా కూర్మా. ఈ ఏడు కాత్తాది. పూచీ నాది."

కూలీల్లో ఒకడికి నవ్వొచ్చింది. ఆకు లేదు, కొమ్మ లేదు, ఏళ్ళ తరబడి ఎండి నెరియలు పడ్డ మోడు, అది ఈ ఏడు కాయడమేమిటి. కూర్మారావు మాత్రం నవ్వలేదు. ఆ మాఘమాసం ఆదివారం అతను తమ వెనక గుమ్మంలో నిలబడి అంతా చూశాడు, అమ్మ లోపలికి వచ్చి గోడ వైపు తిరిగి పడుకోవడం కూడా చూశాడు. అతను పిన్ని ముఖం కేసి చూశాడు, మోడు కేసి చూశాడు. పూచీ పడ్డాక పైకెత్తింది దించాలి, ఆ ఇంట్లో పుట్టినవాడికి అది ఒకరు చెప్పనక్కర్లేదు. గునపాన్ని మెల్లగా దించి, చప్పుడు కాకుండా గడ్డిలో పెట్టాడు.

"గోడ వొంకరొత్తాది పిన్నీ," అన్నాడు.

"రానీరా."

దమయంతి వంగి, లాగేసిన మొక్కల్ని వేళ్ళతో సహా తీసి మళ్ళీ గుంటల్లో నిలబెట్టి, మట్టి అదిమింది. చంద్రకాంతలు అప్పుడే విచ్చుకుంటున్నాయి. వాటి పక్కన, పొద్దున తను ఖాళీగా వదిలేసి వెళ్ళిన చోటే ఢిల్లమ్మ గిన్నె ఉంది. వాననీళ్ళతో అంచుదాకా నిండి ఉంది, పైన రెండు బంతిరేకులు తేలుతున్నాయి.

ఆమె దాన్ని రెండు చేతులా పట్టుకుని లేచింది.

"మీ యమ్మది," అంది. "తీసుకెళ్ళి లోపల పెట్టు."

కూర్మారావు చేతుల మట్టి పంచెకు తుడుచుకుని గిన్నె అందుకున్నాడు, చుక్క తొణక్కుండా అడుగులో అడుగు వేసుకుంటూ వాళ్ళ గుమ్మం వైపు నడిచాడు.